అప్పుడప్పుడు అతిగా తినడం, ఫిట్‌నెస్, మెటబాలిజం: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

శుక్రవారం ఆఫీసులో టీమ్ లంచ్, శనివారం రాత్రి బఫే, ఆదివారం మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో అరిటాకు భోజనం, నెలకోసారి హిందూపురంలోనో చిత్తూరులోనో పెళ్లి. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది అలవాటైన క్రమమే. సోమవారం ఉదయం జిమ్‌లోనూ, అగర చెరువు గట్టు మీద నడిచేవారి మధ్యనూ వినిపించే సందేహాలు కూడా ఇంచుమించు ఒకటే. వాటిలో పదేపదే వచ్చేవాటికి ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇవి ప్రధానంగా ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు వర్తిస్తాయి; షుగర్, గుండె జబ్బు వంటివి ఉన్నవారి కోసం విడిగా ఒక ప్రశ్న ఉంది.

ఒక్క పూట కడుపు పగిలేలా తింటే ఎంత కొవ్వు చేరుతుంది?

చాలామంది భయపడేదానికన్నా చాలా తక్కువ. మెస్‌లో ఆకు ముందు కూర్చున్న మనిషినే ఉదాహరణగా తీసుకుందాం. ముద్దపప్పు మీద నెయ్యి వంచే అబ్బాయి, మనం అరచెయ్యి అడ్డం పెట్టేలోపే రెండోసారి కూడా గరిటె వంచి పక్క ఆకు దగ్గరికి వెళ్లిపోతాడు. ఒక టేబుల్ స్పూను నెయ్యిలో దాదాపు 130 క్యాలరీలు ఉంటాయి కాబట్టి ఆ రెండు వంపుల్లోనే 260 వరకు వచ్చేస్తాయి. పప్పుతో, పులుసుతో, చారుతో, పెరుగుతో నాలుగుసార్లు పెట్టించుకున్న అన్నం పావు కిలో బియ్యానిదైతే అది మరో 850 నుంచి 900. వేపుళ్ల నూనె, అప్పడాలు, పచ్చళ్లు, చివర్లో వచ్చే తీపి కూడా కలిస్తే ఆ ఒక్క పూటకే 2,000 దాటడం ఏమంత కష్టం కాదు.

రోజుకు 2,200 క్యాలరీలు ఖర్చయ్యే ఆ మనిషి ఆ రోజు మొత్తం మీద 3,700 తిన్నాడనుకుందాం. మిగులు 1,500. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 క్యాలరీల శక్తి నిల్వ ఉంటుంది. అంటే ఆ మిగులంతా కొవ్వుగానే చేరినా 200 గ్రాములు దాటదు. నిజానికి అంతా కొవ్వుగా చేరదు. కొంత అరిగించుకోవడానికే ఖర్చవుతుంది, కొంత గ్లైకోజెన్ (పిండి పదార్థాన్ని ఒళ్లు దాచుకునే రూపం)గా కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండి ఒకటి రెండు రోజుల్లో వాడకంలోకి వచ్చేస్తుంది.

అలాగైతే మరునాడు వెయింగ్ మెషిన్ కిలోన్నర, రెండు కిలోలు ఎక్కువ ఎందుకు చూపిస్తుంది?

అందులో చాలా భాగం నీరు, మిగిలినది ఇంకా పేగుల్లోనే ఉన్న ఆహారం. పిండి పదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్నప్పుడు ప్రతి గ్రాముకూ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పెద్దవారి కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల వరకు, కాలేయంలో 100 గ్రాముల వరకు గ్లైకోజెన్ నిల్వ ఉండగలదు. వారమంతా అన్నం తగ్గించి తిన్నవారికి ఈ నిల్వలు సగం ఖాళీగా ఉంటాయి. ఆదివారం భోజనంతో 300 గ్రాములు తిరిగి నిండాయంటే, వెంట వచ్చే నీటితో కలిపి కిలో పైన మరో 200 గ్రాములు.

దీనికి ఉప్పు తోడవుతుంది. ఆవకాయ, గోంగూర, వడియాలు, బిర్యానీ అన్నీ ఉప్పు ఎక్కువున్నవే. సెలైన్ సీసాలో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లోని ద్రవాల ఉప్పదనమూ ఇంచుమించు అంతే. కాబట్టి మామూలుకన్నా నాలుగైదు గ్రాముల ఉప్పు ఎక్కువ తింటే, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేదాకా అర లీటరు నీరు ఒంట్లో నిలిచిపోతుంది. వేళ్లకు ఉంగరాలు బిగుసుకోవడం, పొద్దున ముఖం ఉబ్బినట్టు కనిపించడం దీనివల్లనే.

ఎప్పటిలాగే తింటూ, నీళ్లు తాగుతూ ఉంటే ఈ బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో దిగిపోతుంది. అందుకే సోమవారం బరువు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. చూడాలనుకుంటే గురువారమో శుక్రవారమో పొద్దున్నే చూసి, ఆ అంకెను మునుపటి వారాల అదే రోజు అంకెతో పోల్చుకోవాలి.

అతిగా తిన్న ఆ కొన్ని గంటల్లో ఒంట్లో ఏం జరుగుతుంది?

బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పింది. 22 నుంచి 37 ఏళ్ల మధ్య వయసున్న, ఆరోగ్యంగా ఉన్న 14 మంది పురుషులకు ఒక రోజు తృప్తిగా కడుపు నిండేవరకు, మరో రోజు ఇక ఒక్క ముక్క కూడా దిగదనేవరకు పిజ్జా పెట్టారు. రెండో రోజు వాళ్లు సగటున దాదాపు రెట్టింపు, అంటే 3,000 క్యాలరీలకు పైగా తిన్నారు. అయినా వాళ్ల రక్తంలో చక్కెర మామూలు భోజనం తర్వాత ఉన్నంతే ఉంది. రక్తంలోని కొవ్వులు కాస్త మాత్రమే పెరిగాయి. చక్కెరను అదుపు చేసే హార్మోను ఇన్సులిన్ మాత్రం 50 శాతం ఎక్కువగా విడుదలైంది. ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమం ఎక్కువ పని చేసి పరిస్థితిని చక్కదిద్దిందన్నమాట.

ఈ ఫలితాన్ని చదివేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. అందులో పాల్గొన్నవారు పడుచువాళ్లు, ఆరోగ్యవంతులు, జరిగింది ఒకే పూట. క్లోమం ఆ అదనపు చాకిరీని నెలకోసారి చేయడం వేరు, రోజుమార్చి రోజు చేయడం వేరు.

నిల్వ విషయంలో ఇంకో విశేషం ఉంది. అన్నం ఎక్కువ తింటే అదంతా కొవ్వుగా మారిపోతుందని అనుకుంటారు. గ్లైకోజెన్ నిల్వలు పూర్తిగా నిండి, ఇంకా రోజుల తరబడి తింటూ పోతే తప్ప మనిషి ఒంట్లో ఆ మార్పు పెద్ద ఎత్తున జరగదు. అంతకుముందే జరిగేది ఏమిటంటే, పిండి పదార్థం పుష్కలంగా ఉన్నంతసేపు ఒళ్లు దాన్నే ముందుగా ఖర్చు చేస్తూ కొవ్వును ముట్టుకోదు. దాంతో అదే పూట తిన్న నెయ్యి, నూనె నేరుగా నిల్వకు వెళ్తాయి. మన విందు భోజనంలో అన్నమూ నెయ్యీ ఎప్పుడూ జంటగానే వస్తాయి కాబట్టి, నెయ్యి గరిటెకు అడ్డం పెట్టే చెయ్యి, అన్నం హస్తానికి అడ్డం పెట్టే చేతికన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని నా ఉద్దేశం.

వారానికో చీట్ డే (నియమాలు పక్కనపెట్టి తినే రోజు) ఉంటే మెటబాలిజం పుంజుకుంటుందని ట్రైనర్ చెప్పారు. నిజమేనా?

కొద్దిగా నిజం, చాలావరకు ఆశ. తిన్నదాన్ని అరిగించి ఒంటికి పట్టించుకోవడానికి కొంత శక్తి ఖర్చవుతుంది: ప్రొటీన్ క్యాలరీల్లో 20 నుంచి 30 శాతం, పిండి పదార్థాల్లో 5 నుంచి 10 శాతం, కొవ్వులో 3 శాతం లోపు. ఎక్కువ తిన్న రోజు ఈ ఖర్చూ పెరుగుతుంది, భుక్తాయాసంతో పాటు వచ్చే వెచ్చదనం కొంత దీనిదే. కానీ అదనంగా 1,500 క్యాలరీలు తిని, అందులో 150 అరుగుదలకు ఖర్చు చేస్తే మిగిలేది 1,350. లాభం ఎక్కడుంది?

లెప్టిన్ అనే హార్మోను గురించి కూడా ట్రైనర్లు చెబుతుంటారు. చాలా రోజులు తక్కువ తిన్నవారిలో అది తగ్గి ఆకలి పెరగడం నిజమే. పిండి పదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు అది పెరగడమూ నిజమే. అయితే మళ్లీ తిండి తగ్గించగానే అది కూడా తగ్గిపోతుంది. చీట్ డే వల్ల మనసుకు ఊరట కలిగి మిగతా ఆరు రోజులు పద్ధతిగా తినగలిగేవారికి దాని ఉపయోగం ఉంది. దాన్ని మెటబాలిజం ఖాతాలో వేయనక్కర్లేదు.

మా రూమ్మేట్ ఎంత తిన్నా లావెక్కడు, నాకు మాత్రం గాలి పీల్చినా ఒళ్లు వస్తుంది. ఎందుకు?

మారతహళ్లి పీజీల్లో పుట్టిన ఈ ప్రశ్నకు అమెరికాలో, కెనడాలో జరిగిన పరిశోధనలు మంచి జవాబే ఇచ్చాయి. 1999లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 16 మందికి 8 వారాల పాటు రోజుకు 1,000 క్యాలరీలు అదనంగా పెట్టారు. అందరికీ అదనం అంతే అయినా, ఒకరికి పెరిగిన కొవ్వు అర కిలో కూడా లేదు, మరొకరికి 4 కిలోలు దాటింది. తేడా ఎక్కువగా వ్యాయామం కిందికి రాని కదలికల్లో ఉంది: కుదురుగా కూర్చోకపోవడం, లేచి తిరగడం, నిలబడి మాట్లాడటం. కొందరి ఒళ్లు మిగులు తిండిని వాళ్లకు తెలియకుండానే ఇలా ఖర్చు చేసేస్తుంది.

కెనడాలో 12 జతల కవలలపై జరిగి 1990లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, దాదాపు వంద రోజుల వ్యవధిలో వారానికి ఆరు రోజులు 1,000 క్యాలరీలు ఎక్కువ తిన్నప్పుడు సగటున 8 కిలోలు పెరిగారు. కొందరు 4 కిలోల దగ్గరే ఆగితే కొందరు 13 దాటారు. ఒకే జతలోని కవలలు మాత్రం ఇంచుమించు ఒకేలా పెరిగారు. పుట్టుకతో వచ్చేదానికి ఇందులో పెద్ద వాటా ఉందని అర్థం. రూమ్మేట్‌తో పోటీపడి తినడం మాత్రం నష్టదాయకమైన వ్యవహారం.

ఒక రోజు అతిగా తింటే కండలు, స్టామినా తగ్గుతాయా?

తగ్గవు. కండరం గానీ, గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం గానీ ఒక్క రోజు తిండితో మారేవి కావు. పైగా గ్లైకోజెన్ నిండుగా ఉండటంతో మరునాడు బరువులు ఎత్తడం కొందరికి తేలికగా అనిపిస్తుంది. రాత్రి పొద్దుపోయాక భారీగా తింటే నిద్ర చెడుతుంది, ఆ నిద్రలేమి మరునాటి వ్యాయామాన్ని దెబ్బతీస్తుంది. కనిపించే నష్టం అంతవరకే. మందు కూడా తోడైతే లెక్క మారుతుంది. ఆల్కహాలు గ్రాముకు 7 క్యాలరీలు ఇస్తుంది, అది ఖర్చయ్యేదాకా కొవ్వు కరగడం ఆగుతుంది, వ్యాయామం తర్వాత కండరం తనను తాను బాగుచేసుకునే వేగమూ మందగిస్తుంది.

మరునాడు ఉపవాసం చేస్తే సరిపోతుందా? లంఖణం పరమౌషధం అంటారు కదా?

కడుపు బరువుగా ఉన్నప్పుడు ఆకలి వేసేదాకా ఆగడంలో తప్పేమీ లేదు. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం మన పెద్దవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే, అందులో ఇబ్బంది కూడా లేదు. అభ్యంతరం శిక్షలాంటి ఉపవాసానికే. ఆదివారం తిన్నందుకు సోమవారమంతా కాఫీతో గడిపి, సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇల్లు చేరేసరికి ఆకలి తట్టుకోలేక బజ్జీలో బిర్యానీయో తెప్పించుకునేవారు ఎందరో ఉన్నారు. అతి, ఆ వెంటనే ఉపవాసం, మళ్లీ అతి అనే చక్రంలో పడినవారికి ఒక్క విందు చేసే హానికన్నా ఆ చక్రమే ఎక్కువ హాని చేస్తుంది. మరునాడు మామూలు వేళకు మామూలు భోజనం, కాస్త ఎక్కువ కూరగాయలు, పప్పు లేదా గుడ్లు, సరిపడా నీళ్లు: ఇంతకు మించిన ప్రాయశ్చిత్తం అవసరం లేదు.

జిమ్‌లో ఇంకో గంట ఎక్కువ చేసి కరిగించవచ్చా?

పరిగెత్తేటప్పుడు కిలోమీటరుకు, కిలో శరీర బరువుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి 1,000 క్యాలరీలు కరిగించాలంటే 14 కిలోమీటర్లకు పైగా పరిగెత్తాలి. అలవాటు లేనివారు పాపపరిహారంగా అలా పరిగెత్తితే మోకాలు పట్టేసి రెండు వారాలు ఇంట్లో కూర్చుంటారు. తిన్న క్యాలరీలను అంకెకు అంకె చెల్లగొట్టే సాధనంగా వ్యాయామం బలహీనమైనదే.

అయితే వేరే విధంగా అది గొప్ప రక్షణ. బాత్ విశ్వవిద్యాలయంలోనే జరిగి 2013లో వెలువడిన మరో అధ్యయనంలో, చురుగ్గా ఉండే 26 మంది యువకుల చేత వారం రోజులు నడక బాగా తగ్గించి, అతిగా తినిపించారు. వారిలో కొందరు మాత్రం రోజూ 45 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తారు. వాళ్ల మిగులు క్యాలరీలు రెండో జట్టుతో సమానంగా ఉండేలా వాళ్లకు ఇంకా ఎక్కువ పెట్టారు. వారం తర్వాత, కదలకుండా తిన్నవారిలో ఇన్సులిన్ పనితీరు దెబ్బతిన్నది, పరిగెత్తినవారిలో ఆ మార్పు చాలావరకు కనిపించలేదు. మిగులు ఇద్దరికీ ఒకటే. కాబట్టి పండగ వారంలో వ్యాయామం మానకపోవడానికి బరువుకన్నా ఇదే మంచి కారణం.

ఎంత తరచుగా తింటే దాన్ని ‘అప్పుడప్పుడు’ అనవచ్చు?

అన్ని ప్రశ్నల్లోకీ ఇదే ముఖ్యమైనది, ఎక్కువమంది అడగకుండా దాటేసేదీ ఇదే. వారమంతా నియమంగా ఉండి శని, ఆదివారాలు మాత్రం మనసారా తినే ఉద్యోగిని తీసుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 300 క్యాలరీలు తగ్గించుకున్నాడు, మొత్తం 1,500. శని, ఆదివారాల్లో రోజుకు 1,000 చొప్పున ఎక్కువ తిన్నాడు, మొత్తం 2,000. వారం ముగిసేసరికి 500 మిగులు. ఏడాదికి 26,000, కాగితం మీద 3 కిలోలకు పైగా కొవ్వు. బరువు పెరిగేకొద్దీ ఒంటి ఖర్చూ పెరుగుతుంది కాబట్టి నిజంగా పెరిగేది కొంత తక్కువే ఉంటుంది, కానీ దిశ మారదు. ‘వారమంతా ఏమీ తినను, అయినా తగ్గను’ అని ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆయన ఐదు రోజులు లెక్కపెట్టాడు, ఒళ్లు ఏడు రోజులు లెక్కపెట్టింది.

ఏడాదిలో శని, ఆదివారాలే 104. సంక్రాంతి, ఉగాది, శ్రావణమాసపు పేరంటాలు, వినాయక చవితి, దసరా, దీపావళి, మాఘంలోనూ ఫాల్గుణంలోనూ పెళ్లిళ్లు, ఆఫీసులో పుట్టినరోజు కేకులు, ఊరి నుంచి అమ్మ పంపిన అరిసెలు, సున్నుండలు వీటికి అదనం. ఒక్కో సందర్భాన్నీ విడిగా చూస్తే ప్రతిదీ ‘ఎప్పుడో ఒకసారి’దే. నా అభిప్రాయంలో నెలకు ఒకటి రెండుసార్లు జరిగే విందును అప్పుడప్పుడు అనవచ్చు. వారానికి రెండుసార్లు జరిగేది మన భోజన పద్ధతి, దాన్ని ఆ పేరుతోనే పిలిచి సరిచూసుకోవాలి. గత నాలుగు వారాంతాల్లో ఏమేం తిన్నారో ఫోన్‌లోని ఆర్డర్ల చరిత్ర తెరిచి చూస్తే జవాబు వెంటనే దొరుకుతుంది.

పండగకు ఊరెళ్లి వారం పది రోజులు తింటే?

ఒక పూటకూ ఒక వారానికీ చాలా తేడా ఉంది. ఆరోగ్యవంతులైన యువకులు ఐదు రోజుల పాటు కొవ్వు బాగా ఎక్కువున్న ఆహారాన్ని అవసరానికి ఒకటిన్నర రెట్లు తిన్నప్పుడు, బరువులో చెప్పుకోదగ్గ మార్పు రాకముందే, వాళ్ల కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గించి రక్తంలోకి ఎక్కువ చక్కెర వదలడం మొదలుపెట్టిందని ఒక అధ్యయనం చూపింది. మామూలు తిండికి, నడకకు తిరిగి వస్తే ఆరోగ్యవంతుల్లో ఇది సర్దుకుంటుంది. సర్దుకోనిది పండగ బరువు. అమెరికాలో 195 మంది పెద్దవారిపై జరిగి 2000లో ప్రచురితమైన అధ్యయనంలో ఆరు వారాల పండగ కాలంలో పెరిగింది సగటున 0.37 కిలోలే, అర కిలో కూడా కాదు. కానీ ఆ తర్వాత ఏడాదంతా గడిచినా అది చాలావరకు అలాగే ఉండిపోయింది. పదేళ్లలో నడుముకు వచ్చే అంగుళాలు ఇలా వచ్చేవే. మన దేశంలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుమును హెచ్చరికగా తీసుకుంటారు. వెయింగ్ మెషిన్‌కన్నా టేపు నిజం చెబుతుంది.

షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవారు ఏం జాగ్రత్త పడాలి?

పైన చెప్పిన ఊరట వీరికి వర్తించదు. ఆరోగ్యవంతుల్లో ఇన్సులిన్ పెరిగి చక్కెరను అదుపు చేసింది. షుగర్ ఉన్నవారిలో ఆ వెసులుబాటే లోపించింది, అందుకే విందు తర్వాత చక్కెర చాలా గంటలు ఎక్కువగానే ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన నాన్నగారిని హోటల్‌కు తీసుకెళ్లినప్పుడు ‘ఈ ఒక్కరోజుకీ ఏం కాదు, తినండి నాన్నా’ అని బలవంతపెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. స్వీటు తింటున్నామని సొంతంగా రెండో మాత్ర వేసుకోకూడదు. అలాగే విందు తిన్నామని తర్వాతి పూట మానేసి గ్లిమెపిరైడ్ వంటి మాత్రగానీ, ఇన్సులిన్‌గానీ యథావిధిగా తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదు గురించి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

భారీ భోజనం తర్వాత ఛాతీలో నొప్పి లేదా బిగింపు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకొచ్చే తీవ్రమైన నొప్పి, వాంతులు ఉన్నా అంతే.

తిన్నాక ఆయాసంగా ఉంటే వెంటనే ఏం చేయాలి?

పది పదిహేను నిమిషాలు తాపీగా నడవాలి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను కొంత లాక్కుంటుంది. పడుకోవడానికి రెండు మూడు గంటలు ఆగాలి, లేకపోతే గుండెల్లో మంట ఖాయం. సోడాతో త్రేన్పు వస్తుంది, క్యాలరీలు పోవు.

తినడం మొదలుపెడితే ఆపుకోలేకపోతున్నాను, తర్వాత సిగ్గుగా ఉంటోంది. ఇదీ అతిగా తినడమేనా?

విందులో నలుగురితో కలిసి, సంతోషంగా, కాస్త ఎక్కువ తినడం వేరు. ఆకలి లేకపోయినా, ఎవరూ చూడకుండా, చెయ్యి అదుపులో లేనట్టుగా తిని ఆ తర్వాత కుమిలిపోవడం వేరు. ఇలాంటిది సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు జరుగుతుంటే వైద్యులు దాన్ని చికిత్స అవసరమైన రుగ్మతగా పరిగణిస్తారు. తిన్నది కావాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం కూడా ఉంటే అసలు ఆలస్యం చేయకూడదు. ఇది మనోబలం లేకపోవడం కాదు, కొత్త డైట్ చార్టుతో తగ్గేదీ కాదు. డైట్ బిగించేకొద్దీ తరచుగా ఎక్కువవుతుంది కూడా. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో మానసిక వైద్యుల్ని సంప్రదించవచ్చు. అంతదూరం వెళ్లడానికి ఇంకా మనసు రానివారు టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.